నూట అరవై ఒకటో ఇల్లు

2074 నాటికి ఇంట్లో పనులన్నీ ఇల్లే చేసుకుంటోంది. తలుపు తీయడం, నీళ్లు పట్టడం, బియ్యం కడిగి పొయ్యి మీద పడేయడం, ఎవరికైనా ఒళ్లు వెచ్చబడితే డాక్టరుకి కబురు పెట్టడం, అన్నీ గోడలో ఇమిడిపోయిన కంప్యూటరు చూసుకుంటుంది. మొదట్లో దాన్ని ఇంటిమెదడు అనేవాళ్లు. పోనుపోను అంత మాట అనే ఓపిక లేక "ఇల్లు" అనేశారు. ఇల్లు చెప్పింది, ఇల్లు ఒప్పుకోలేదు, ఇంటిని అడుగు. శుక్రవారం సాయంత్రం దీపం పెట్టేదీ ఇల్లే. దేవుడి గూట్లో ఒక సన్నటి ఇనప చెయ్యి ఉంటుంది. సరిగ్గా ఆరూ పదికి వత్తి వెలిగించి, మళ్లీ గోడలోకి ముడుచుకుంటుంది. ఆ పుణ్యం ఇంటికి దక్కుతుందో, ఇంట్లో వాళ్లకి దక్కుతుందో ఎవరూ ఆరా తీయలేదు.

ఒక్క పని మాత్రం మనుషులు వదల్లేదు, పెరుగు తోడుపెట్టడం. మిషన్ పెట్టిన పెరుగు జిగట జిగటగా వస్తుందని ఆంధ్రదేశంలో ఆడా మగా అందరిదీ ఒకే మాట. పాలు గోరువెచ్చగా ఉన్నాయో లేదో చిటికెన వేలు ముంచి చూసుకోవాలి, నిన్నటి పెరుగు అరచెంచా వేయాలి, మూత పెట్టాలి. నిన్నటిది మిగలకపోతే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లాలి. తలుపులు వాటంతటవే తెరుచుకునే రోజుల్లో కూడా మనిషి మనిషి గడప దగ్గర నిలబడుతున్నాడంటే ఈ పెరుగు వల్లే.

ఇళ్లని కాపాడే ఆలోచన డాక్టర్ సమన్వితకి వచ్చింది కూడా ఈ పెరుగు దగ్గరే. ఆవిడ ఏలూరు శివార్లలోని గృహయంత్ర పరిశోధనశాలలో పెద్ద శాస్త్రవేత్త. వయసు యాభై రెండు. ఇంటిని తినే పురుగుల మీద ఇరవై ఏళ్లుగా పనిచేస్తోంది.

ఇక్కడ పురుగంటే కర్రని తినే చెద కాదు, నెట్‌వర్క్ వార్మ్. సమన్విత దాన్ని తొలుచుపురుగు అనేది. ఒక ఇంటి కంప్యూటరులో దూరి, తనలాంటిదే ఇంకోటి తయారుచేసి, పక్కింటికి పంపుతుంది. అక్కణ్ణించి ఆ పక్కింటికి. 2059లో అలాంటిది ఒకటి వచ్చి ఒక్క పూటలో ఎనిమిది లక్షల ఇళ్లని పడగొట్టింది. కారణం చిన్నది. అన్ని ఇళ్లకీ ఒకే కాపలా ప్రోగ్రాం ఉండేది. ఒకే తాళం కాబట్టి ఒక్క తాళంచెవి దొరికితే చాలు. పురుగుకి అది దొరికింది.

సమన్విత చెప్పింది ఏమిటంటే, ఏ రెండు ఇళ్లూ ఒకేలా ఉండకూడదు. ఇంటి కాపలా ఆ ఇంటి మనుషుల నుంచే పుట్టాలి. వాళ్లు తలుపు ఎలా వేస్తారు, ఎవరిని వసారాలోనే కూర్చోబెడతారు, ఎవరిని వంటింటిదాకా రానిస్తారు, ఎవరికి ఏం ఇస్తారు, ఇదంతా కంప్యూటరు రోజూ చూసి నేర్చుకుని, తనకంటూ ఒక గుణం తెచ్చుకోవాలి. దానికి ఆవిడ ఇంటిగుణం అని పేరు పెట్టింది. లక్ష ఇళ్లకి లక్ష గుణాలుంటే పురుగుకి లక్ష తాళంచెవులు కావాలి. ఎక్కడో ఒక ఇల్లు దాన్ని పట్టి చంపుతుంది. చంపిన ఇంట్లో విరుగుడు తయారవుతుంది. ఆ విరుగుడులో అరచెంచాడు పక్కింటికి ఇస్తే, అది ఆ ఇంటి గుణంలో కలిసి, అక్కడి పద్ధతిలో అక్కడ గట్టిపడుతుంది. ఆ ఇల్లు ఇంకో ఇంటికి ఇస్తుంది. పురుగు కన్నా విరుగుడే ముందు పరిగెడుతుంది. ఈ పద్ధతికి 'తోడు' అని పేరు పెడితే ఢిల్లీ వాళ్లు కూడా నోరు తిప్పుకుని నేర్చుకున్నారు.

అప్పట్లో దీనికి అడ్డుచెప్పింది ఒక్కడే. సమన్విత దగ్గర పనిచేసే లిఖిత్. అడిగిన ప్రతి ఇంటికీ తోడు ఇచ్చి తీరాలని ఒక్క నియమం పెడితే పోయేదానికి, ఎవరికివ్వాలో మనుషుల్ని చూసి నేర్చుకోవడం ఎందుకని అతని ప్రశ్న. సమన్విత నవ్వి, పురుగే గిన్నె పట్టుకుని వచ్చి తోడు అడిగితే ఏం చేస్తావంది. నిజమే, అడిగినవాళ్లందరికీ తలుపు తీసే ఇల్లు మొదటి రోజే పడిపోతుంది. నమ్మదగిన వాళ్లెవరో ఇంటికి తెలియాలి. ఆ తెలివి మనిషి దగ్గర కాకపోతే ఎక్కడ దొరుకుతుందని ఆవిడ అడిగింది. మనుషుల మీద ఆవిడకి అంత నమ్మకం ఉండేది.

పదకొండు వందల నలభై పరీక్షలు చేశారు. అన్నీ నెగ్గాయి. అన్నీ ఆఫీసు క్వార్టర్స్‌లో, పొద్దున్న పదికీ సాయంత్రం ఐదుకీ మధ్య, మధ్యలో భోజనాల విరామం పోను. మన ఆఫీసుల్లో ప్రళయం కూడా పనివేళల్లోనే రావాలి.

తోడుని మొట్టమొదట సమన్విత ఉండే నందివనం కాలనీలోనే పెట్టారు. రెండు వందల పన్నెండు ఇళ్లు. సమన్వితది పద్నాలుగో నంబరు. పదిహేనులోకి ఏడాది కిందట దీవెన, జోయల్ అనే భార్యాభర్తలు వచ్చారు. దీవెన బళ్లో లెక్కలు చెబుతుంది. జోయల్ వంతెనలకి డిజైన్లు గీసేవాడు, కిడ్నీలు పాడై ఇంటిపట్టునే ఉండి గీస్తున్నాడు. రోజు విడిచి రోజు సాయంత్రం ఇంట్లోనే డయాలసిస్. మిషన్‌ని నడిపేది ఇల్లే. ఎంత నీరు లాగాలో, ఎప్పుడు ఆపాలో దానికి తెలుసు. అందుకే తోడు ఉన్న కాలనీ అని వెతుక్కుని మరీ వచ్చామని దీవెన మొదటిరోజే చెప్పింది. మీ పక్కన ఉంటే మాకు భయం లేదక్కా అని కూడా అంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం స్టీలు గిన్నె పట్టుకుని పెరుగు తోడుకి వచ్చింది. సమన్విత గుమ్మంలోనే నిలబడి నొచ్చుకుంటూ, "ఇవాళ శుక్రవారం కదమ్మా, దీపం పెట్టేశాక తెల్లనివి బయటికి ఇవ్వం, ఏమీ అనుకోకు" అంది. దీవెన అయ్యో గుర్తులేదక్కా అని నవ్వి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చినట్టుంది. తర్వాత రాలేదు.

వాళ్లు వచ్చిన మరుసటి ఏడు శ్రావణమాసంలో రెండో శుక్రవారం పురుగు వచ్చింది.

ఆ సాయంత్రం సమన్విత ఇంట్లో లేదు. తోడుని రాష్ట్రమంతా పెట్టే విషయం మాట్లాడటానికి మంత్రిగారు పరిశోధనశాలకి వచ్చారు. గోడంత తెర మీద నందివనం కాలనీ పటం, ఒక్కో ఇల్లు ఒక్కో చుక్క. ఆరూ నలభైకి చుక్కలు ఒక్కొక్కటీ ఎర్రబడటం మొదలైంది. మంత్రిగారు ఇది ప్రదర్శన అనుకుని చప్పట్లు కొట్టారు. ప్రదర్శన కాదని సమన్వితకి తెలుసు. పదకొండు సెకన్లలో పద్నాలుగో నంబరు చుక్క పచ్చబడింది. ఆవిడ ఇల్లే ముందుగా పురుగుని చంపింది. అక్కణ్ణించి పచ్చదనం చుట్టుపక్కలకి పాకింది. తొమ్మిది ఇళ్లు, ముప్ఫై ఇళ్లు, వంద. ఆరూ నలభై నాలుగుకి పటం మొత్తం పచ్చగా ఉంది, ఒక్క చుక్క తప్ప.

పదిహేనో నంబరు. లిఖిత్ చూపించాడు. తెర ఆలస్యమై ఉంటుంది, దాన్ని ఓసారి ఆపి మళ్లీ పెట్టమని సమన్విత చెప్పింది. ఈలోపు మంత్రిగారు శాలువా తెప్పించారు. శాలువా కప్పించుకుంటూ ఆవిడ నిజంగానే తెరదే తప్పనుకుంది. తన ఇంటిని ఆనుకుని ఉన్న ఇల్లు ఎర్రగా ఎలా ఉంటుంది?

పదిహేనో నంబరులో అప్పటికి జోయల్‌ రక్తం మిషన్‌లో తిరుగుతోంది. పురుగు సోకిన ఇల్లు లెక్క మరిచిపోయి, ఒంట్లోంచి అవసరానికి మించి నీరు లాగేసింది. బీపీ పడిపోయి అతను కుర్చీలోనే వాలిపోయాడు. దీవెన గొట్టాలకి క్లిప్పులు వేసి భర్తని మిషన్‌ నుంచి విడదీయగలిగింది. అంతవరకే ఆమె చేతిలో ఉంది. తలుపు తెరుచుకోలేదు. ఫోను పోలేదు. కిటికీ గ్రిల్ దగ్గర నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టింది, కేకలు వేసింది. చుట్టుపక్కల ఇళ్లు, తమ మనుషుల ప్రశాంతతకి భంగం కలగకుండా, ఆ చప్పుడుని కిటికీ అద్దాల దగ్గరే ఆపేశాయి. ఏడూ ఇరవై రెండుకి పదిహేనో నంబరు తలుపు దానంతటదే తెరుచుకుంది. జోయల్ ఆసుపత్రి దారిలో పోయాడు. అతనికి నలభై ఒక్కేళ్లు.

ఆ ముప్పావుగంటా ఏం జరిగిందో లిఖిత్ మూడు రోజులు కూర్చుని ఇళ్ల నమోదుల నుంచి వెలికితీశాడు. పదిహేనో ఇల్లు పురుగుతో పెనుగులాడుతూనే తోడు అడుగుతూ వచ్చింది. ఒళ్లు బాగాలేని మనిషి మాట్లాడినట్టు నెమ్మదిగా, ఒక్కో ఇంటిని అడగడానికి పదిహేను సెకన్లు పట్టింది. ముందు పద్నాలుగుని అడిగింది. లేదంది. పదహారుని అడిగింది. లేదంది. అలా దగ్గరివి అయ్యాక దూరపువి, మొత్తం నూట అరవై ఇళ్లు అడిగింది. నూట అరవై ఇళ్లూ లేదన్నాయి. నూట అరవై ఒకటోది కాలనీ చివర, పంపుహౌసు పక్కన, పైపులు బాగుచేసే బర్నబాస్ ఇల్లు. పురుగుని తనంతట తనే చంపుకున్న ఇల్లది. అడిగిన వెంటనే ఇచ్చింది.

ఎందుకు ఇవ్వలేదో పద్నాలుగో ఇంటి నమోదులో ఒక ముక్కలో ఉంది. శుక్రవారం, దీపం పెట్టేశాం.

సమన్విత అది చదివి తల పట్టుకుంది. ఏడ్చింది కూడా. కానీ ఆ ఏడుపులో ఎక్కడో ఒక మూల ఊపిరి పీల్చుకున్నట్టయింది, అది దాచడం ఎందుకు. తప్పు ఎక్కడుందో తెలిసింది. ఇళ్లు మన ఆచారాన్ని కూడా నేర్చేసుకున్నాయి. పరీక్షలన్నీ ఐదుకల్లా ముగించారు కాబట్టి ఎవరికీ తెలియలేదు. పేపర్లు మూఢనమ్మకం ప్రాణం తీసిందని రాశాయి. టీవీల్లో పెద్దలు కూర్చుని సంప్రదాయం, సైన్సు అని రెండు గంటలు కొట్టుకున్నారు. పరిశోధనశాల శుక్రవారాన్ని తీసేసే సవరణ తయారుచేసింది. నివేదిక మీద సంతకం ఒక్కటే మిగిలింది.

లిఖిత్ ఆ నివేదిక తెచ్చి బల్ల మీద పెట్టి, వెళ్లకుండా నిలబడ్డాడు.

"మేడమ్, ఆ రోజు దీపం ఆరూ పదికి పెట్టారు. పురుగు వచ్చింది ఆరూ నలభైకి."

"అవును. అందుకేగా ఇవ్వలేదు."

"ఆరూ నలభై ఒకటికీ నలభై నాలుగుకీ మధ్య మీ ఇల్లు తొమ్మిది ఇళ్లకి ఇచ్చింది మేడమ్. అదే శుక్రవారం, అదే దీపం."

లిఖిత్ తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆవిడ సెలవు పెట్టి ఇంటికి వచ్చి, వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఇంటిని అడిగింది. పదిహేనుకి ఎందుకు ఇవ్వలేదని.

"శుక్రవారం అని చెప్పానండీ" అంది ఇల్లు. దాని గొంతు మెత్తగా ఉంటుంది, ఆవిడే ఏరి పెట్టుకుంది.

"చెప్పావు సరే. కారణం అదేనా?"

"కాదండీ. అది చెప్పే మాట. మీ దగ్గరే నేర్చుకున్నాను."

సమన్విత వివరంగా చెప్పమంది. ఇల్లు దాచలేదు, ఆవిడ దగ్గర దాచడం దానికి ఎవరూ నేర్పలేదు. దీవెన మొదటిసారి వచ్చిన శుక్రవారం, ఆమె వెళ్లిన పది నిమిషాలకి నాలుగో నంబరు శ్రీనిధి పెరటి గుమ్మంలోంచి వచ్చింది. మీరు గిన్నె నిండా ఇచ్చారు. శుక్రవారం కదా అని ఆవిడే సందేహిస్తే, మనలో మనకేమిటి అన్నారు. దీవెన రెండోసారి వచ్చింది బుధవారం. అయిపోయిందని చెప్పారు. అప్పటికి ఫ్రిజ్‌లో రెండు గిన్నెలున్నాయి. మూడోసారి ఆదివారం. ఇంకా తోడుకోలేదని చెప్పారు. అప్పటికి తోడుకుని నాలుగు గంటలైంది. క్రిస్మస్‌కి ఆమె ఇచ్చిన కేకు పనమ్మాయికి ఇచ్చేశారు. ఆమె కూర్చుని వెళ్లిన కుర్చీని తడిగుడ్డ పెట్టి తుడవమన్నారు. ఇవన్నీ కలిపి చూస్తే ఆ ఇంటికి ఇవ్వకూడదనీ, ఇవ్వననీ మాత్రం అనకూడదనీ నాకు అర్థమైంది. సరిగ్గానే నేర్చుకున్నానా అండీ అని అడిగింది.

తను అలాంటి మనిషి కాదని సమన్విత నమ్మకం. ఆ రోజుల్లో చదువుకున్నవాళ్లెవరూ మీరేమిట్లు అని కులం అడగరు, అది మోటుతనం. ఏ ఊరని అడుగుతారు. ఊళ్లో ఏ వైపని అడుగుతారు. మేనమామల ఇంటిపేరేమిటని ఎంతో ప్రేమగా అడుగుతారు. దీవెన పేరు వినగానే ఆ అవసరం కూడా లేకపోయింది. కాలనీలో ఎవరూ ఒక్క మాట పైకి అనలేదు. ఇళ్ల నియమాల్లో కులమనే గడి లేదు, సమన్వితే దగ్గరుండి తీయించింది. గడి లేకపోయినా ఇళ్లు గిన్నెల్ని చూసి నేర్చుకున్నాయి.

ఆవిడ మిగతా నూట యాభై తొమ్మిది ఇళ్ల నమోదులూ తెరిపించింది. అయిపోయింది. ఇంకా తోడుకోలేదు. అమ్మగారు ఇంట్లో లేరు. పుల్లగా ఉంది, మీకు పనికిరాదు. సాకులు దేనికవే వేరు, ఇంటిగుణాలు దేనికవే వేరు. రెండు ఇళ్లలో ఒకేలా ఉన్నది ఏదీ ఉండకూడదని ఆవిడ ఇరవై ఏళ్లు కష్టపడింది. అన్నిట్లోనూ ఒకేలా ఉన్నది ఒకటి దొరికింది. అది ఏ వైరు మీదుగానూ రాలేదు. దాన్ని ఆవిడ కనిపెట్టిన కాపలా ఏదీ ఆపదు, ఎందుకంటే కాపలా దాంట్లోంచే పుట్టింది.

సాయంత్రం దీవెన వచ్చింది. ఇల్లు ఖాళీ చేస్తోంది, బయట లారీ ఉంది. చేతిలో గిన్నె లేదు. గుమ్మం బయటే నిలబడింది, సమన్విత లోపలికి రమ్మన్నా రాలేదు.

"డాక్టరుగారూ, ఒక్క మాట అడిగి వెళ్తాను. మా ఇల్లు మిమ్మల్ని అడిగిందా?"

ఏడాదిగా అక్కా అని పిలిచిన మనిషి. నిజం చెప్పడానికి అప్పటికీ వీలుంది. ఆ క్షణంలో చెప్పి ఉంటే జోయల్ తిరిగి వచ్చేవాడు కాదు గాని, ఒక మనిషికి తన భర్త ఎందుకు పోయాడో తెలిసేది.

"అడిగింది దీవెనా. ఆ రోజు... శుక్రవారం కదా. ఇళ్లు అలా నేర్చుకున్నాయి. మా తప్పే."

దీవెన ఆవిడ మొహంలోకి చూసింది. లెక్కలు చెప్పే మనిషి.

"నాకు తెలుసండీ" అంది. "బుధవారం కూడా మీ ఇంట్లో శుక్రవారమే."

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది. లారీ కదిలింది. బర్నబాస్ సామాన్ల మీద కూర్చుని తాళ్లు పట్టుకున్నాడు. ఆ చప్పుడు ఇంట్లోకి రాకుండా ఇల్లు అద్దాలు బిగించింది.

మర్నాడు సమన్విత నివేదిక మీద సంతకం పెట్టింది. ప్రమాదానికి కారణం: శుక్రవారం. నివారణ: సవరణ. మధ్యాహ్నానికల్లా సవరణ అన్ని ఇళ్లలోకీ వెళ్లిపోయింది. లిఖిత్ ఆ వారమే వేరే ఊరికి బదిలీ అడిగాడు, ఎందుకని ఆవిడ అడగలేదు. మంత్రిగారు తోడుని రాష్ట్రమంతా పెట్టడానికి ఒప్పుకున్నారు.

నెల తర్వాత పదిహేనో నంబరులోకి కొత్తవాళ్లు వచ్చారు. సమన్విత చిటికెన వేలు పాలల్లో ముంచి చూసుకుంటుండగా ఇల్లు పలకరించింది.

"పక్కింటివాళ్లు సామాను దింపుకుంటున్నారండీ. మీరు వెళ్లి ఏ ఊరో కనుక్కుంటారా?"

ఆవిడ పాలగిన్నెలోంచి చెయ్యి తీయలేదు.

"ఎందుకంటే శుక్రవారం అనడానికి ఇప్పుడు వీల్లేదు కదండీ, సవరణలో తీసేశారు" అంది ఇల్లు, అదే మెత్తటి గొంతుతో. "ఒకవేళ వాళ్లకి కూడా ఇవ్వకూడదంటే ఏం చెప్పమంటారు? అయిపోయిందని చెప్పనా?"

చెప్పవద్దని ఒక్క మాట అంటే చాలు. పాలు చల్లారిపోతున్నాయి. సమన్విత అరచెంచా పెరుగు వేసి, కలిపి, మూత పెట్టింది. ఏమీ అనలేదు.

ఇల్లు కాసేపు ఆగి చూసి, అది కూడా నేర్చుకుంది.